గుడ్డ కింద ముప్పై ఏళ్ళు

నేను ఒక స్టీరియో ఆంప్లిఫయర్‌ని. మా ఇంట్లో వాళ్ళు ‘సెట్టు’ అంటారు, మీరూ అలాగే అనండి, నాకేమీ అభ్యంతరం లేదు. బరువు పద్నాలుగు కిలోలు. ముందు వైపు వెండిరంగు పలక, దాని మీద పెద్ద వాల్యూమ్ నాబు, పక్కన చిన్న అద్దం వెనక రెండు సూదులు. పాట వస్తున్నంతసేపూ ఆ సూదులు ఊగుతాయి, ఆగితే పడుకుంటాయి. ఈ మధ్య పాత సెట్ల మీద మోజుపడి ఊళ్ళు తిరిగే వాళ్ళు బయలుదేరారు. వాళ్ళంతా ఒకటే ప్రశ్న అడుగుతారు: ఇవి ఎన్నాళ్ళు పనిచేస్తాయండీ? అడుగుతూ నా మూత మీద వేలితో తట్టి చూస్తారు, పుచ్చకాయ కొంటున్నట్టు. జవాబు నాకు తెలుసు. చెప్పడానికే వీలు లేదు. నాకున్నవి రెండు స్పీకర్లు, అవి ఎప్పుడూ ఎవరో వాయించినది పలుకుతాయి తప్ప నా మాట పలకవు. అందుకని ఇలా చెప్పుకుంటున్నాను. ముందే అనేస్తున్నాను, నాకు ఓపిక తక్కువ.

జపానులో ఒక కర్మాగారంలో పుట్టాను. పొడుగాటి బల్లకి అటూ ఇటూ తెల్ల టోపీల ఆడవాళ్ళు కూర్చుని, ఒకరు తీగ అతికితే ఇంకొకరు మర బిగించి, నన్ను ముందుకి తోస్తూ ఉండేవారు. చివర కూర్చున్న పెద్దావిడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని నన్ను మొట్టమొదటిసారి పాడించింది. నేను ఒళ్ళు మరిచి పాడాను. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేకుండా తల ఊపి, వెనకాల ఒక చీటీ అంటించి, పక్కకి తోసేసింది. ఇంకొంచెం ఎక్కువ ఆశించానని ఒప్పుకుంటున్నాను.

నా కడుపులో కెపాసిటర్లని చిన్న చిన్న డబ్బాలు ఉంటాయి. వాటిలో కాస్త తడి ఉంటుంది. ఆ తడే నా ఆయుష్షు. పాడితే ఎండుతుంది. పాడకుండా కూర్చున్నా ఎండుతుంది. ఈ రెండో సంగతి మనుషుల తలకి ఎక్కదు. బీరువాలో పెట్టిన పట్టుచీరలాగా నన్నూ దాచుకోవచ్చనుకుంటారు.

నన్ను మొదట కొన్నవాడు అలాంటివాడు కాదు. వాడొక గ్రీకు సరుకు ఓడలో వంటవాడు. దుంపలు చెక్కుతూ పాడించేవాడు, గిన్నెలు తోముతూ పాడించేవాడు, ఓడ అటూ ఇటూ ఊగిపోతున్నా పాడించేవాడు. నా మూత మీద కాఫీ కప్పు పెట్టేవాడు. ఆ గుండ్రటి మచ్చ ఇప్పటికీ పోలేదు. మర్యాద తెలియని మనిషని అప్పట్లో విసుక్కునేదాన్ని. పద్నాలుగు నెలలు ఊపిరి సలపని పని. ఇప్పుడు తలుచుకుంటే అంత హాయి మళ్ళీ చాలా ఏళ్ళకిగాని దొరకలేదు.

1979లో ఆ ఓడ ఇంజను చెడి విశాఖపట్నం రేవులో వారాల తరబడి నిలిచిపోయింది. పనివాళ్ళని విమానంలో ఇళ్ళకి పంపేశారు. పద్నాలుగు కిలోల నన్నూ, నా స్పీకర్లనీ, రికార్డు ప్లేయర్నీ విమానంలోకి ఎక్కించే దారి లేక వంటవాడు నన్ను రేవులోనే అమ్మేశాడు. కొన్నవాడు క్రేను డ్రైవరు బెవర జోగారావు. ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏమిచ్చి కొన్నాడో నేను పట్టించుకోలేదు. కస్టమ్స్ కాగితాలు జేబులో పెట్టుకుని, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని రిక్షాలో ఇంటికి తీసుకెళ్ళాడు. చక్రం గుంతలో పడినప్పుడల్లా రిక్షా అతన్ని తిట్టాడు. ఆ ప్రేమ చూసి పొంగిపోయాను. ఆ ప్రేమే నా పీకల మీదికి వస్తుందని ఊహించలేదు.

జోగారావుకి వేణువు అంటే పిచ్చి. ఎప్పుడో రేవు పనివాళ్ళ క్లబ్బులో ఒక కచేరీ విన్నాడట, అప్పటినుంచి మనిషి మనిషిలో లేడట. నన్ను కొన్నాక పదకొండు రికార్డులు సంపాదించాడు. అందులో ఒకటి వేణువు కచేరీ, పక్కన మృదంగం, కంజీర. ఆ రికార్డుని రెండు చేతుల్తో అంచులు పట్టుకుని ఎత్తేవాడు, పసిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు.

భార్య పైడమ్మ ఆయన అక్క కూతురే. అందుకే పెళ్ళయ్యాక కూడా ‘మావా’ అనే పిలుపే నిలిచింది. నేను వచ్చిన వారం తిరక్కుండా పైడమ్మ తెల్ల దారంతో నాకొక గుడ్డ అల్లింది. మధ్యలో ఎదురెదురుగా రెండు నెమళ్ళు. ఆ వీధిలో రేడియోకి గుడ్డ, కుట్టుమిషనుకి గుడ్డ, తర్వాత రోజుల్లో టీవీకి గుడ్డ, ఫ్రిజ్జుకి గుడ్డ. నాకు లేకపోతే ఎలా? నా మూత మీద సన్నటి సందులు ఉంటాయి, లోపలి వేడి అందులోంచి పోవాలి. సరిగ్గా ఆ సందుల మీదే నెమళ్ళు కూర్చున్నాయి.

అంతకంటే ఘోరం జోగారావు పెట్టిన నియమం. మొదటి ఆదివారం నాడే భార్యని పిలిచి చెప్పాడు.

“రోజూ వాడీసేమనుకో, అరిగిపోద్ది. ఆదివారం పొద్దున ఒక గంట సాలు. నాను రిటైరైపోయినాక నువ్వూ నేనూ కూకోని తనివి తీరా ఇందుము. అప్పటికి ఇది ఇలగే కొత్తగుండాల.”

“నాను వంట సేసుకుంటా ఇంటే ఏటవుద్ది మావా?”

“ముట్టుకోకు. నీ సేతికెప్పుడూ సింతపండు పులుసుంటాది.”

పైడమ్మ నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అది నవ్వి ఊరుకునే మాట కాదని నాకు అప్పుడే అనిపించింది. ఇరవయ్యేడేళ్ళలో ఆ మనిషి ఒక్కసారి కూడా నా నాబు తిప్పలేదు. ఆదివారాలు జోగారావు నా ఎదురుగా కుర్చీలో కూర్చుంటే, ఆమె గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి వినేది. పప్పు అడుగంటుతుందని మధ్యలోనే వెళ్ళిపోయేది.

పక్క ఇంట్లో ఎవరిదో రేడియో కాలిపోయిందని విన్న రోజున ఆదివారాలు కాస్తా నెలకి ఒక ఆదివారం అయ్యాయి. ఆ తర్వాత పండగలకి మాత్రమే అన్నాడు. ఆ పండగల్లోనూ దసరాకి నాకు జరిగే రాజభోగం చెబితే నవ్వుతారు. ఆయుధపూజ నాడు నన్ను తుడిచి, పసుపు రాసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి చెరో పక్కా పెట్టి, కర్పూర హారతి ఇచ్చేవాడు. కుంకుమ సందుల్లోంచి నా కడుపులోకి రాలేది. అంతా అయ్యాక కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టేవాడు. ఇక స్విచ్చి వేస్తాడని నేను ఒళ్ళంతా బిగబట్టుకుని చూసేదాన్ని. వేసేవాడు కాదు. పూజ చేసిన పనిముట్టుని ఆ రోజు వాడకూడదట. మళ్ళీ గుడ్డ కప్పేసేవాడు.

గుడ్డ కింద నాకు కాలం ఎలా గడిచిందో ఎవరికి చెప్పను? వంటింట్లో కుక్కరు కూత వినిపించేది. రేవు సైరను వినిపించేది. వీధిలో చేపలమ్మే ఆవిడ కేక వినిపించేది. అందరూ ఏదో ఒకటి చప్పుడు చేస్తున్నారు, ఒక్క నేను తప్ప. ఇదిగో లేపుతాడు, ఇదిగో లేపుతాడు అనుకుంటూ నెలలు లెక్కపెట్టేదాన్ని. సముద్రం గాలి మెల్లగా లోపలికి దూరి మరల మీద తుప్పు పట్టించింది. నా డబ్బాల్లో తడి కొంచెం కొంచెంగా ఆరిపోతూ ఉంటే నాకు తెలుస్తూనే ఉంది. చేసేదేముంది, కూర్చున్నాను.

ఇప్పుడొక సంగతి చెబుతాను, జాగ్రత్తగా వినండి. నా నాబు మీద తెల్లగీత ఒకటి ఉంటుంది. దాన్ని గడియారం ముల్లు అనుకోండి. ఏడింటి దగ్గర ఉంటే మౌనం. మొదట్లో జోగారావు దాన్ని తొమ్మిదింటి దగ్గర ఆపేవాడు, ఆ చిన్న గదికి అది చాలు. పదేళ్ళకి పది దగ్గర ఆపడం మొదలుపెట్టాడు. ఇంకో ఆరేడేళ్ళకి పదకొండున్నర. సన్నటి శబ్దాలు పెంచే నాబు ఇంకొకటి ఉంది, అది మధ్యలో ఉండేది కాస్తా కుడి చివరికి పోయింది. నేను మారలేదు. గది మారలేదు. రికార్డులు అవే. మరి మారిందేమిటి? పగలంతా క్రేను గదిలో ఆ మోటార్ల మోత మధ్య కూర్చుని వచ్చే చెవులు మారాయి. ఆయన నన్ను దాచిపెట్టి, తన చెవుల్ని వాడేస్తున్నాడు. ‘ఓ పెద్దమనిషీ, అరిగిపోతున్నది నేను కాదు, నువ్వు!’ అని అరుద్దామనిపించేది. స్విచ్చి వేస్తే గదా అరవడానికి.

ఇంట్లో ఇది కనిపెట్టింది నేనొక్కదాన్నే కాదు. శుక్రవారం గది కడిగినప్పుడు పైడమ్మ స్పీకర్లు ఎత్తి పక్కన పెట్టేది కదా, మళ్ళీ పెట్టేటప్పుడు అప్పుడప్పుడు ఒక వేలెడు ముందుకి, మొగుడి కుర్చీ వైపుకి జరిపి పెట్టేది. గోడకి ఆనుకుని ఉన్నవి కొన్నేళ్ళకి గది మధ్యకి వచ్చాయి. ఒకసారి జోగారావు కాలికి తగిలి, “ఇవేటి ఇక్కడికొచ్చినాయి?” అన్నాడు. “గోడకి సెమ్మ మావా, పాడైపోతాయని జరిపినాను,” అంది ఆమె, కాస్త గట్టిగా. అప్పటికే ఆమె అన్నీ కాస్త గట్టిగా చెప్పడం అలవాటు చేసుకుంది. ఆయనకి ఆ తేడా తెలియలేదు.

పైడమ్మ ఎందుకు చెప్పలేదంటే, భయం. చెవులు మందగించాయని తెలిస్తే క్రేను మీంచి దింపి కింద ఏదో మూల కూర్చోబెడతారు. ఆయనకేమో ఆ ఎత్తు మీద కూర్చుంటేనే తానొక మనిషినన్న ధీమా. క్రేను మీద మాటలతో పని లేదు, కింద నిలబడినవాడు చేతితో సైగ చేస్తే పైన ఉన్నవాడు చూసి దించడమే. అందుకే అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె మాత్రం రోజూ ఆయన వచ్చేదాకా గుమ్మంలోకి, వీధిలోకి తిరుగుతూనే ఉండేది. నాకు కోపం వచ్చేది ఆమె మీద. జాలీ వచ్చేది.

2006లో జోగారావు రిటైరయ్యాడు. దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, నా ఎదురుగా ఒకటి కాదు, రెండు కుర్చీలు వేశాడు. “రాయే,” అని పైడమ్మని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గుడ్డ తీశాడు. నా గుండె ఆగలేదు, అదొక్కటే తక్కువ. ఇరవయ్యేడేళ్ళుగా ఈయన దాచిన రోజు ఇదే. వేణువు రికార్డు పెట్టి, నాబుని పన్నెండింటి దాకా తిప్పాడు. పైడమ్మ చెవులు గింగిర్లెత్తాయి, కానీ కదల్లేదు.

ఐదు నిమిషాలు గడిచేసరికి జోగారావు ముఖం వాడిపోయింది.

“కంజీర బిళ్ళలు గలగలమంటాయి కదా, అవేవి? వేణువు పైకెల్లినప్పుడల్లా మాయమైపోతంది. దీనికి బలం పోయింది.” నా మూత తడిమి అన్నాడు, “అంత జాగ్రత్తగా సూసినాను. ఉత్తినే పోయింది.”

“బాగానే ఉంది కదా మావా.”

“నీకేటి తెలుసు? నువ్వెప్పుడిన్నావు గనక?”

వినిపించకుండా చేసింది ఎవరో గుర్తు చేయవచ్చు, కానీ పైడమ్మ అలాంటిది కాదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాలో లోపాలు లేవని నేను అనను. నాబు తిప్పితే కరకరమనేది, కదలక కదలక అందులో మట్టి పేరుకుంది. స్పీకర్ల అంచున ఉండే స్పాంజి పొడిపొడిగా రాలుతోంది. కానీ కంజీర గలగల బతికే ఉంది. చెవులున్నవాళ్ళు ఎవరు విన్నా అది చెప్పగలరు. ఆ ఇంట్లో వినేది ఇద్దరు, ఒకాయనకి వినబడదు, ఇంకొకావిడ చెప్పదు.

అలా మొదలయ్యాయి నా ఆసుపత్రి తిరుగుళ్ళు. మొదటి మెకానిక్కు నన్ను విప్పి, “ట్రాన్సిస్టర్లు వీకైపోయాయండీ,” అని నా పుట్టు ట్రాన్సిస్టర్లు పీకి, వాటి పేరు అచ్చుగుద్దిన నకిలీవి బిగించాడు. జోగారావు రెండు రోజులు బాగుందన్నాడు, మూడో రోజు మళ్ళీ అదే మాట. రెండో మెకానిక్కు బలం కోసమని లోపల ఏవేవో తీగలు కలిపి నన్ను జ్వరం వచ్చినట్టు వేడెక్కించాడు. ఏడాది ఇలా, ఏడాది అలా. ప్రతిసారీ జోగారావు నన్ను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళేవాడు, పైడమ్మ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉండేది. ఆమె నోరు విప్పితే నా కడుపు కోత ఆగుతుంది. విప్పేది కాదు. ఇన్నేళ్ళు చెప్పని మాట ఇప్పుడెలా చెబుతుంది? పెద్ద ఉద్యోగం చేసినవాణ్ణి ఇన్నాళ్ళూ కట్టుకున్నదే మోసం చేసిందనుకోడా? రోజులు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కింది, మొయ్యాల్సింది మాత్రం నేను.

మూడోసారి 2009లో, అల్లిపురంలో డేనియల్ రేడియో హౌస్‌కి వెళ్ళాం. డేనియల్ పోయి చాలా కాలమైంది, కొట్టు నడిపేది ఆయన కూతురు సుగుణ. యాభై దాటిన మనిషి, కళ్ళజోడుకి దారం కట్టి మెడలో వేసుకుంటుంది. నా మూత తీసి లోపలికి చూసి, చూపుడువేలుతో నా అడుగున రాసి, ఎర్రటి వేలు పైకెత్తి చూపించింది.

“ఎన్ని దసరాలు చేశారు బాబాయ్ దీనికి?”

“మొన్నటిదాకా ముప్పై,” అన్నాడు జోగారావు గర్వంగా.

“దీన్ని మాత్రం మళ్ళీ కప్పకండి పిన్నీ, లోపల ఉడికిపోతుంది,” అంటూ నెమళ్ళ గుడ్డ మడతపెట్టి పైడమ్మ చేతికిచ్చింది సుగుణ.

మూడు వారాలు ఆమె దగ్గర ఉన్నాను. నకిలీ ట్రాన్సిస్టర్లని ఏరి పారేసింది. ఎండిపోయిన డబ్బాలన్నీ తీసి కొత్తవి అతికింది. నాబు కడిగింది. స్పీకర్ల అంచులు మార్చింది. ఆ తర్వాత పొద్దున కొట్టు తెరిచిన దగ్గర్నుంచి సాయంత్రం మూసేదాకా నన్ను మోగిస్తూనే ఉంది, ఎక్కడైనా తేడా వస్తే తెలియాలని. ఓడ దిగాక నాకు అంత పని అదే మొదలు. ఆగమంటే ఆగేదాన్ని కాదు. ఆమె పని చేసుకుంటూ నాతో పాటు గొణుక్కుని పాడేది. శ్రుతి కుదరదు, అయినా క్షమించాను.

తీసుకెళ్ళే రోజు మొగుడూ పెళ్ళాం వేణువు రికార్డు పట్టుకుని వచ్చారు. ఎదురుగా టిఫిన్ కొట్టు, పక్కన సైకిలు షాపు, వీధి నిండా జనం. సుగుణ రికార్డు పెట్టి నాబు తొమ్మిదింటి దగ్గర ఆపింది. కొత్త డబ్బాలతో, కొత్త అంచులతో నేను పాడాను చూడండి, ఆ జపాను పెద్దావిడ ఎదుట కూడా అంత బాగా పాడలేదు.

“ఇంక పెట్టనేదామ్మా?” అన్నాడు జోగారావు.

సుగుణ ఆయన వంక చూసింది. నాబు పదికి తిప్పింది. పదకొండుకి తిప్పింది. పన్నెండు దాటించింది. టిఫిన్ కొట్టు ముందు నిలబడినవాళ్ళు చట్నీ వేళ్ళతో ఇటు తిరిగారు.

“వేణువొస్తంది. అక్కడక్కడ తెగిపోతంది,” అన్నాడు జోగారావు. “కంజీర రాలేదు.”

కంజీర బిళ్ళలు ఆ వీధి చివరిదాకా గలగలమంటున్నాయి. సుగుణ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, ఆ తర్వాత పైడమ్మని చూసింది. అర్థమైపోయింది ఆమెకి. “పిన్నీ, మీకు వినిపిస్తోందా?” అని మెల్లగా అడిగింది. పైడమ్మ సైకిలు షాపు వైపు చూస్తూ ఉండిపోయింది.

జోగారావు లేచాడు. నా మూత మీద చెయ్యి వేశాడు.

“నీ తప్పు కాదమ్మా. నువ్వు సెయ్యాల్సింది సేసినావు. దీనికి ఆయువు తీరిపోయింది. ఇంక మోసుకుని తిరగలేను. ఇక్కడే ఒగ్గీసి ఎల్తాను, ఇనప సామాన్లోడొస్తే ఇచ్చీ.”

ఇనప సామాన్లవాడు! నా రెండు సూదులూ ఊగి ఊగి అద్దం చివరికి కొట్టుకుంటున్నాయి. పుట్టాక ఇంత గొప్పగా ఎప్పుడూ పాడలేదు, ఈ పూటే నన్ను చచ్చినదాని కింద కట్టేశాడు. ఇంకేం చేయను? ఇంకెంత గట్టిగా అరవను? ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. పైడమ్మ కదిలితే బతుకుతాను, కదలకపోతే సుత్తి దెబ్బలకి పోతాను.

“సెట్టు బాగానే ఉంది మావా,” అంది పైడమ్మ.

“ఏటి?”

“సెట్టుకేటీ అవనేదు అంతన్నాను.”

“ఏటంతన్నావు? సరిగ్గా సెప్పు!”

ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది. సరిగ్గా అప్పుడే, నా చప్పుడు అడ్డమని కాబోలు, సుగుణ నా నాబుని ఒక్కసారిగా ఏడింటికి తిప్పేసింది. వీధంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో పైడమ్మ గొంతు రేవు దాకా వినిపించి ఉంటుంది.

“సెట్టుకేటీ అవనేదు! నీ సెవులే పోయినాయి మావా! పదేళ్ళయిపోయింది!”

సైకిలు షాపులో గాలి కొడుతున్న చెయ్యి ఆగింది. టిఫిన్ కొట్టులో పెనం మీద అట్టు తిప్పేవాడు తిప్పడం మరిచిపోయాడు. పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జోగారావు ఒక చెప్పు వేసుకుని, ఒక చెప్పు వేసుకోకుండా నిలబడిపోయాడు.

“పదేళ్ళా?”

ఆమె తల ఊపింది.

“మరి సెప్పనేదేటి?”

“సెప్తే క్రేను దింపీస్తారని సెప్పనేదు. దిగిపోయినాక సెబుదామనుకున్నాను. నువ్వు దీన్ని ఒళ్ళోనెట్టుకుని తిరుగుతుంటే నాకు నోరు రానేదు.” ఇదంతా ఆమె అరిచే చెప్పాల్సి వచ్చింది. ఏడుస్తూ అరవడం ఎంత కష్టమో అప్పుడు చూశాను.

నన్ను ఇంటికి తీసుకొచ్చారు. గుడ్డ కప్పలేదు, స్విచ్చీ వేయలేదు. జోగారావు కుర్చీని వీధి గుమ్మం వైపు తిప్పుకుని కూర్చునేవాడు. అవసరానికి తప్ప భార్యతో మాట్లాడేవాడు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి చెవికి మిషను పెట్టించుకొచ్చాడు. అది పెట్టుకుని ఒకసారి నన్ను వేసి విన్నాడు. రెండు నిమిషాలకే తీసి బల్ల మీద పెట్టాడు. “మాటలకి పరవానేదు. వేణువు రేకు గీకినట్టుంది,” అన్నాడు ఎవరితోనూ కాకుండా. ఆ తర్వాత పంతొమ్మిది రోజులు నన్ను ముట్టుకోలేదు. కొత్తగా పాడటం నేర్చుకున్నదాన్ని నేను, నోట్లో పాట పెట్టుకుని పంతొమ్మిది రోజులు కూర్చోవడమంటే మాటలా? గోడ గడియారం టిక్కుమన్నప్పుడల్లా దాని మీద మండిపడ్డాను.

ఇరవయ్యో రోజు పొద్దున పైడమ్మ పొడిగుడ్డతో నన్ను తుడుస్తోంది. పలక తుడిచి, అద్దం తుడిచి, నాబు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. వేళ్ళు నాబు దాకా వచ్చాయి. వెనక్కి తీసుకుని చీరకి తుడుచుకుంది. మళ్ళీ చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. తల ఎత్తితే ఎదురుగా జోగారావు. పెరట్లోంచి ఎప్పుడు వచ్చాడో, అక్కడే నిలబడి చూస్తున్నాడు.

ఆయన ముఖంలో కోపం ఉందేమోనని నేను వెతికాను. లేదు. చెంప మీద దెబ్బ తిన్నవాడిలా ఉన్నాడు.

“పెట్టు,” అన్నాడు.

“నానా?”

“నువ్వే. నీకెంత సాలితే అంత పెట్టుకో.”

రికార్డు పెట్టి స్విచ్చి మాత్రం ఆయనే వేశాడు. పైడమ్మకి ఏది తిప్పాలో తెలియలేదు. ముందు పక్కనున్న చిన్న నాబు తిప్పింది, ఏమీ కాలేదు. ఆయన చూపించలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డాడు. తడుముకుని తడుముకుని అసలు నాబు పట్టుకుంది. తెల్లగీత ఎనిమిదిన్నర దాటి, తొమ్మిదికి ఇంకా రాకుండా ఆగింది. ఆ గదికి, ఆమెకి అది చాలు. ఆయనకి అందులో మృదంగం గుబగుబ తప్ప ఏమీ అందదు. అది నాకు తెలుసు, ఆమెకి తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా ఎవరూ పెంచలేదు.

ఆ రోజు నుంచి నన్ను ఆపినవాళ్ళు లేరు. వంట అవుతుంటే పాడతాను, బట్టలు మడతపెడుతుంటే పాడతాను, చుట్టాలొస్తే గొంతు తగ్గించి పాడతాను. పాత సెట్లు వెతుక్కునేవాళ్ళు వచ్చి ఎన్నాళ్ళు వస్తుందని అడుగుతూనే ఉన్నారు. ఇంకో పదేళ్ళో, పదిహేనేళ్ళో, ఈ ఉప్పుగాలిలో ఎవరు చెప్పగలరు? నా తడి ఆరిపోతూనే ఉంది. ఆరనీయండి, పని చేస్తూ ఆరుతోంది కదా. కాని నేను మీకు చెప్పాలనుకున్నది అది కాదు, ఆ మొదటి పొద్దుటి సంగతి.

పైడమ్మ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. జోగారావు తన కుర్చీని నా ఎదుట వేసుకోలేదు, పక్కకి తెచ్చి ఆమె ముఖమూ నా సూదులూ రెండూ కనిపించేలా వేసుకున్నాడు. వేణువు రికార్డు రెండో వైపు నడుస్తోంది. అది ఆయనకి మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు. పెదాలు కదుపుతూ, తొడ మీద తాళం వేసుకుంటూ సూదుల్నే చూస్తున్నాడు. ఒకచోట సూదులు రెండూ జారి కిందికి వచ్చాయి. ఆయన చెయ్యి పైకెత్తాడు.

“ఇదిగో, ఇక్కడ వాయించీవోడు ఊపిరి తీసుకుంటాడు. ఇను.”

పైడమ్మ మెడ ముందుకి చాపింది. గదిలో ఏ చప్పుడూ లేదు. కుడివైపు స్పీకర్లోంచి ఒక మనిషి సన్నగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

“వచ్చిందా?” అన్నాడు జోగారావు.

“వచ్చింది మావా.”

ఆమె అరవలేదు, మామూలుగా అంది. ఆయన పెదాలు చూసి తెలుసుకున్నాడు. వేణువు మళ్ళీ మొదలై పైకి వెళ్ళింది, సూదులు లేచాయి. ఆయన మాత్రం సూదుల వైపు తిరగలేదు, ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాడు.